పత్తి చేన్ల కంది సాలు

ఆ యేడు తునికాకు సీజన్ల మా తండా మొత్తం రెండు వారాలు యూరప్ గురించే మాట్లాడింది. నమ్మితే నమ్మండి, లేకుంటే మానండి. ములకలపల్లి అడవి అంచున ముప్పై గడపల తండా మాది. అసొంటి తాన ఆడోళ్లు పందిరి కింద ఆకు కట్టలు కట్టుకుంట, జర్మనీ ఫ్రాన్సు మళ్ల కొట్టుకుంటయా, కొట్టుకోవా అని పందేలు కాసిన్రు. అంతటికీ కారణం నేనే. నేను కాదు, నా చేతిల ఉన్న ఒక కాగితం.

రెండువేల ఆరు, మే నెల. హైదరాబాదుల ఎం.ఏ. హిస్టరీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చిన. వచ్చిన వారానికి పోస్టుమ్యాన్ సైకిల్ మీద ఒక కవరు తెచ్చిండు. యూరోపియన్ స్టడీస్ అని మా యూనివర్సిటీల కొత్తగ మైనర్ పెట్టిన్రు. ఇరవై సీట్లు. నూట ముప్పై మంది అర్జీ పెడితే అరవై మందిని ఇంటర్వ్యూకు పిలిచిన్రు. ఆ అరవైల నా పేరు ఉన్నది! బాణోత్ జ్యోత్స్న అని ఇంగ్లీషుల టైపు కొట్టి, కింద గుండ్రటి సీలు. నేను ఎగిరిన ఎగురుడుకు గుంజకు కట్టేసిన మేక తాడు తెంపుకొని ఉరికింది.

లెటరు ఎనకమాల ఆ మైనర్ ఆశయాలు అచ్చేసి ఉన్నయ్. ఇంటర్వ్యూల వాటి మీదనే అడుగుతమని రాసిన్రు. కింద ఇంకో ముక్క ఉన్నది: ఈ లెటరు అసలుది చూపెట్టనోళ్లను లోపలికి రానియ్యం.

మా ఇంట్ల మాట్లాడేది లంబాడీల గోర్‌బోలి. మీకు తెల్వాలని అంతా తెలుగుల చెప్తున్న.

"మైనర్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగిండు మా బా. బా అంటే నాయిన. పేరు హాతీరాం. నెమ్మది మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

"అసలు చదువు హిస్టరీనే బా. దాని పక్కపొంటి ఇది చిన్నగ నడుస్తది. నాలుగు పేపర్లు. ఆర్నెల్లు ఎక్కువ ఉండాలె, అంతే."

బా చేను దిక్కు చూసిండు. "అంటే పత్తి చేన్ల కంది సాలు లెక్క."

మా దిక్కు ఎనిమిది సాళ్లు పత్తి పెడితే తొమ్మిదోది కంది పెడతరు. మా ప్రొఫెసర్లు గంటసేపు ఉపన్యాసం చెప్పినా నాకు గంత సక్కగ అర్థం కాలే. "అవ్ బా! గదే! గట్లనే!" అని చప్పట్లు కొట్టిన.

"మంచిది. అయితే ముందుగాల పత్తి ఇంటికి రానియ్," అనుకుంట లేచి, పెట్టెల నుంచి ఇంకో కాగితం తెచ్చి నా ముందర పెట్టిండు. బీఈడీ ఎంట్రెన్సు హాల్‌టికెట్. సెంటరు ఖమ్మం. "టీచరు నౌకరి వస్తే ఇల్లు నిలబడతది. ఆ యూరప్ చదివితే నౌకరి ఎవడిస్తడు?"

తేదీ చూసిన. నెలాఖరు సోమవారం. ఇంటర్వ్యూ కూడ అదే సోమవారం, హైదరాబాదుల, పొద్దున పదింటికి.

"ఒక్క మనిషి ఒక్క దినం రెండు ఊర్లల్ల కూసోదు. నువ్వే సోంచాయించుకో," అన్నడు బా. అని ఊరుకుంటే బాగుండు. మరునాటి నుంచి రోజూ పొద్దుగాల నా చాయ్ గిలాస పక్కన ఆ హాల్‌టికెట్ పెట్టుడు షురూ చేసిండు. ఒక్క మాట అనడు. చాయ్, హాల్‌టికెట్. చాయ్, హాల్‌టికెట్. మాట అంటే నేను కూడ తిరిగి అందును గదా! ఆ కాగితంతోని ఏమని కొట్లాడాలె?

తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఆ పని తెల్వనోళ్లకు చెప్త. తెల్లారకముందే అడివిల పడి ఆకు తెంపాలె. ఎండ ముదిరేసరికి మూటలు ఇంటికి చేర్చి, పందిరి కింద కూసొని ఆకు మీద ఆకు పేర్చి, యాభై ఆకులకు ఒక కట్ట, నారతోని ముడెయ్యాలె. సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోస్తే, అక్కడ లెక్క రాసే కల్లేదారు ఎంచి చూసుకొని నేల మీద వరసగ పరిపిస్తడు. అవి ఎండినంక తిరగేసుడు, ఆ తర్వాత బస్తాల నింపుడు.

కట్టలు కట్టుట్ల మా దాదీ పెట్టింది పేరు. దాదీ అంటే నాయినమ్మ, గోరి ఆమె పేరు. కండ్లు సరిగ కానరావు, అయినా బొటనవేలు ఆకుల అంచు మీద జరజర పోనిస్తే యాభై అంటే యాభై. ఎడమ చేత్తోని రెండు ముళ్లేస్తది. గోరి ముడి అంటే కల్లేదారు కూడ ఎంచకుండ పక్కన పెట్టేటోడు.

ఆ పందిరి కింద ఒక మధ్యాహ్నం మా పక్కింటి రూప్లక్క అడిగింది. "ఓ చదువులమ్మా, దినమంత ఆ కాగితాన్ని గుండెకు అతుకబెట్టుకొని తిరుగుతున్నవ్. అండ్ల ఏమున్నదో మాక్కూడ చదివి చెప్పరాదు?"

నాకు అంతకన్న ఏం కావాలె! ఇంగ్లీషుల చూసుకుంట మా మాటల చెప్పిన.

"మొదటిది. ఈ యూరప్ దేశాలు రెండు పెద్ద యుద్ధాలు చేసి కోట్ల మందిని సంపుకున్నయ్. తర్వాత అవే దేశాలు ఒక్క తాన కూసొని సంఘం పెట్టుకున్నయ్. అదెట్ల కుదిరిందో తెలుసుకోవాలె."

"గదేమన్న ఎరుకలేని సంగతా?" అన్నది దాదీ కట్ట కట్టుకుంటనే. "చెరువు నీళ్ల కాడ మనోళ్లూ పై తండావోళ్లూ తలలు పగలగొట్టుకున్నప్పుడు తండా పెద్ద నాయక్ ఏం చేసిండు? తగువు తెంపి, రెండు దిక్కులోళ్లతోని ఒక్క చెంబుల బెల్లం నీళ్లు తాగిపిచ్చిండు. ఎంగిలి కలిసినంక కత్తి ఎవడు ఎత్తుతడు? ఆళ్లు ఏం తాగిన్రో అడుగు."

"బొగ్గు, ఇనుము కలిపి పంచుకున్నరు దాదీ."

"ఆఁ, గదే బెల్లం."

చూసిన్రా! మా క్లాసుల ఒక్కరన్న గిట్ల చెప్పిన్రా? నేను ఆ మాట కాగితం అంచుల పెన్సిలుతోని రాసుకున్న.

"రెండోది, సరిహద్దులు. ఆడ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బస్సుల పోతుంటే చాన తావుల ఎవ్వలూ ఆపరు, కాగితం అడగరు."

పందిరి అవతల గొడ్డలికి కర్ర బిగిస్తున్న మా బా చెయ్యి ఆగింది. రెండు రోజుల నుంచి నాతోని మాట లేదు ఆయనకు. ఉండబట్టలేక అడిగిండు. "ఎవ్వలూ ఆపరా?"

"ఆపరు బా."

"మనం ఈ అడివిల నుంచి నాగలికి ఒక కర్ర తెచ్చుకోవాలంటే మూడు చెక్‌పోస్టులు. ఆడ దేశం మారినా అడగరా?" అని తలకాయ ఊపి, మళ్ల గొడ్డలి పట్టుకున్నడు. కాని అక్కడి నుంచి లేచిపోలే. చెవులు ఇటే ఉన్నయ్, నాకు తెల్వదా!

మూడోది ఒక యూరప్ భాష నేర్చుకునుడు. దానికి మా యాడి, అంటే అమ్మ, మోతీ, నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. "ఇప్పటికే మూడు భాషలల్ల నాతోని కొట్లాడుతున్నవ్. ఇంకోటి కూడనా తల్లీ?"

నాలుగోది చదివేముందు కాగితం దగ్గరికి పెట్టుకున్న. నేను ఈ మైనర్ కోసం ఇంత పానం పెట్టుకున్నది దానికోసమే. "దేశం లేకుండ ఊరూరు తిరిగిన జాతులు ఆడ కూడ ఉన్నయ్. రోమా అంటరు. గుడారాలు, బండ్లు, గుర్రాలు. వెయ్యేండ్ల కింద మన దేశం దిక్కు నుంచే పోయిన్రంట. వాళ్ల చరిత్ర కూడ యూరప్ చరిత్రల భాగమని చదవాలె." ఆగి, దాదీ దిక్కు తిరిగిన. "దాదీ, లైబ్రరీల వాళ్ల మాటల పుస్తకం చూసిన. నీళ్లను వాళ్లు మన లెక్కనే పాణి అంటరు."

దాదీ చేతుల ఆకు ఆగిపోయింది. నేను పుట్టినకాడ నుంచి ఆ చేతులు ఆగుడు చూడలే.

"ముక్కును?"

"నాక్ అన్నట్టే అంటరు. చెవిని కాన్ అంటరు."

"ఓయమ్మో!" అని రూప్లక్క రెండు చేతులు నెత్తిన పెట్టుకున్నది. అందరూ ఒక్కసారే అరిచిన్రు. ఒకామె ఉప్పును ఏమంటరన్నది, ఒకామె ఎద్దును ఏమంటరన్నది. మనోళ్లేనని చెప్పడానికి లేదు, పెద్ద పెద్దోళ్లే తేల్చలేదు అని నేను మొత్తుకుంటనే ఉన్న. ఎవరు ఇనాలె! దాదీ నా మోకాలు పట్టుకొని ఊపేసింది.

"ఒసేయ్, ఆళ్లది ఏం గోత్రమో అడిగినవా? రాథోడా, పమ్మారా?"

"పుస్తకంల లేదు దాదీ."

"పుస్తకంల ఎందుకుంటది? పోయి అడగాలె. నువ్వు పోయి అడుగు."

అయిదో ఆశయం చిన్నది: అంతా చూసినంక మళ్ల తిరిగి నీ ఊరిని చూడు, కొత్తగ ఏం కనబడుతదో రాయి. దానికి రూప్లక్క, "మేం ఈడనే ఉంటం, వచ్చి చూడు," అన్నది.

ఆ దినం నుంచి మా పందిరే ఒక క్లాసు అయింది. నా ఇంటర్వ్యూకు వాళ్లే ప్రశ్నలు అడిగేటోళ్లు, జవాబు నచ్చకపోతే ఆకు ఈనె ఇసిరి కొట్టేటోళ్లు. అయిదు ఆశయాలు అందరికీ నోటికొచ్చినయ్. నేను హైదరాబాదుకే పోతనని యాడికి చెప్పేసిన. యాడి బాకు చెప్పింది. తెల్లారి చాయ్ గిలాస పక్కన హాల్‌టికెట్ మాత్రం మామూలుగనే ఉన్నది.

శుక్రవారం మధ్యాహ్నం గాలి దుమారం లేసింది. లెటరు ఎగిరిపోతుంటే పట్టి దాదీ చేతికి ఇచ్చిన. "జర దాచు దాదీ, బట్టలు తీసుకొస్త."

శనివారం నేను సంచి సదురుకుంటున్న. ఆదివారం పొద్దున ఆరింటికి బస్సు. "దాదీ, లెటరు ఇయ్యి," అన్న.

"గూట్ల కట్ట ఉన్నది, తీసుకో."

"ఏం కట్ట?"

"ఆకు కట్ట. నలగకుండ ఆకుల నడుమ సాపుగ పెట్టి ముడేసిన. రేషన్ కార్డు కూడ గట్లనే దాస్త గదా నేను! చెదలు పట్టదు, గాలికి పోదు."

గూడు చూసిన. ఖాళీ.

యాడి మొహం తెల్లబోయింది. నిన్న సాయంత్రం గంపల కట్టలు సదిరింది ఆమెనే. గూట్ల ఒకటి మిగిలిపోయిందనుకొని అది కూడ గంపల ఏసింది. గంప మోసింది బా. కల్లంల పరిచింది కూడ బానే.

నేను ఏడ్వలే. ఏడ్వడానికి టైం ఏది? చెప్పులు కూడ లేకుండ కల్లానికి ఉరికిన. నా ఎనక దాదీ, యాడి, రూప్లక్క, ఆమె ఎనక తండాల ఆడోళ్లందరు.

మా కల్లేదారు గోపాలు వేంసూరు దిక్కు మనిషి. గొడుగు కింద కూచొని రాసుకుంటున్నోడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డడు. ఎదురుంగ కనుచూపు మేర కట్టలే. వేలకు వేలు. పొద్దున్నే ఎండ కోసం వరసలు మార్పించిండంట. మా ఇంటి కట్టలు ఏవో, ఇంకోరివి ఏవో, దేవునికే తెల్వాలె.

"ఏంటమ్మా ఈ గోల? కట్టలు విప్పుతారా? కుదరదు. లెక్క చెడిపోద్ది. ఓనరు నన్ను పనిలోంచి తీసేస్తాడు."

"రెండు ముళ్లున్నయే చూస్తం," అన్నది దాదీ. "విప్పిన ప్రతి కట్టా నేనే మళ్ల కడత. యాభైకి ఒక్క ఆకు తగ్గితే నా చెయ్యి నరుకు."

"అసలేం కాగితమమ్మా అది?"

అప్పుడు వినాలె మీరు! కట్టలు తిరగేసుకుంటనే ఒక్కొక్కలు మొదలుపెట్టిన్రు. "కొట్టుకున్న దేశాలు ఒక్క చెంబు నీళ్లు ఎట్ల తాగినయో చదువుతది," అని ఒకామె. "కాగితం అడగని సరిహద్దు ఎట్ల పెట్టిన్రో చదువుతది," అని రూప్లక్క. "మా అసొంటోళ్లు ఆడ వెయ్యేండ్ల నుంచి ఎట్ల బతుకుతున్నరో చదువుతది," అని ఇంకోకామె. గోపాలు గొడుగు మూసి పక్కన పడేసిండు. "ఎలాగూ ఇవాళ కట్టలు తిరగేయించాల్సిందే. కానివ్వండి. ఆ చివర నుంచి నేను చూస్తా."

నడినెత్తిన ఎండ. నేల కాలుతున్నది. ఒక్కో వరస తిరగేస్తున్న. ఇది కావచ్చు, ఇది కావచ్చు. కాదు. దాదీ వంగలేక మోకాళ్ల మీద పాకుకుంట పోతున్నది. కండ్లు కనబడవు గదా, ముడి మీద ముడిని ఏలుతోని తడిమి చూస్తున్నది.

బా ఎప్పుడొచ్చిండో తెల్వదు. కల్లం గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడి ఉన్నడు.

దాదీకి అలికిడి తెలిసింది. తల ఎత్తకుండనే అన్నది. "హాతీ, నువ్వేనా? నిలబడి చూస్తవేందిరా? వంగు. ఆళ్ల గోత్రం ఏందో తెల్వకుండనే నన్ను పొమ్మంటవా?"

బా మెల్లగ దిగి, అందరికీ దూరంగ ఒక చివరి వరస కాడికి పోయి వంగిండు. ఆయన వీపు మా దిక్కు ఉన్నది.

పది నిమిషాలకు, "దొరికింది," అన్నడు.

కల్లం కల్లమంత అరిచింది. రూప్లక్క గోపాలును పట్టుకొని గిర్రున తిప్పింది, ఆయన మొహం చూడాలె! నేను ఉరికి పోయిన. బా ఒక చేతిల లెటరు, ఇంకో చేతిల కట్ట పట్టుకొని ఉన్నడు. "గిండ్ల ఉన్నది," అని రెండూ నా చేతుల పెట్టిండు.

కట్ట చూసిన. దానికి ఒక్కటే ముడి. మా యాడి ముడి. అది ఇప్పి కూడ లేదు. లెటరు నాలుగు మడతలు పడి, చెమటకు తడిసి, ఎచ్చగ ఉన్నది. దాదీ దాన్ని మడత పెట్టనే లేదు.

బా అంగి జేబు కాడ ఆకు పొట్టు అంటుకొని ఉన్నది. నేను చూసుడు ఆయన చూసిండు. మొహం తిప్పుకొని వరసల కట్టలు సదురుకుంట కూసున్నడు.

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, మస్తు వచ్చింది. నిన్న కట్ట పరుస్తుంటే కాగితం అంచు కనబడి ఉంటది, సాయంత్రం నుంచి ఆ జేబుల పెట్టుకొని తిరిగిండు. అందరి ముందర అడుగుదామనుకున్న. కాని ఆయన సదిరిన కట్టనే మళ్ల సదురుతున్నడు, తల ఎత్తుతలేడు. నేను ఆ కట్టను నా చేత్తోనే తిరిగి వరసల పెట్టిన. "దొరికింది దాదీ," అని గట్టిగ చెప్పిన.

ఆదివారం పొద్దున చాయ్ గిలాస పక్కన ఏం లేదు. చాయ్ ఒక్కటే.

బా నా సంచి మోసుకొని రోడ్డు దాక వచ్చిండు. బస్సు దుమ్ము కనబడ్డంక నోరు తెరిచిండు.

"పోయిన యేడు పత్తికి పురుగు పట్టింది. ఎండకాలం దాక మనం తిన్నదేంది?"

"కందిపప్పు బా."

"అవ్," అన్నడు. బస్సు ఆగింది. సంచి పైకి అందించి, ఎనక్కి చూడకుండ పోయిండు.

ఇంటర్వ్యూల ముగ్గురు కూసున్నరు. నడుమ ఉన్న మేడం నా లెటరు తీసుకొని, పెన్సిలు గీతలు చూసి, ఎందుకో ముక్కు కాడికి తెచ్చుకున్నది. "ఇదేం వాసన?" అన్నది. "తునికాకు మేడం," అన్న. "ఈ అయిదు ఆశయాలల్ల నీది ఏది?" అన్నది. ఇంగ్లీషుల తయారుచేసుకున్న జవాబు మొత్తం గాలికి పోయింది. చెంబుల బెల్లం నీళ్ల కాడ మొదలుపెట్టి, చెక్‌పోస్టుల మీదుగ, గోత్రం దాక చెప్పుకుంట పోయిన. ఆపితే ఒట్టు! పది నిమిషాల ఇంటర్వ్యూ ముప్పావు గంట పట్టింది. బయటికొచ్చేసరికి నా ఎనక లైన్ల ఉన్నోళ్లు నన్ను కొట్టేటట్టు చూస్తున్నరు.

లిస్టు కోసం హాస్టల్లనే ఉన్న. పది రోజులకు పెట్టిన్రు. పైనుంచి ఏడో పేరు నాది. హాస్టల్ల నేను పెట్టిన కేకకు వార్డెన్ ఉరికొచ్చింది.

మా తండాకు ఫోన్ లేదు. ములకలపల్లి సంత దినం బా, దాదీ వస్తరని నాకు ఎరుక. కిరాణం కొట్టు నంబరుకు హాస్టల్ కాయిన్‌బాక్సు నుంచి కొట్టిన. కొట్టాయన పిలిచిండు. బా వచ్చిండు.

"బా, సీటొచ్చింది!"

"వచ్చిందంట, మా బిడ్డకు సీటొచ్చిందంట," అని సంతంత ఇనబడేటట్టు ఆయన అరుసుడు ఇనబడ్డది. దాదీ ఫోన్ గుంజుకున్నది. "గోత్రం అడిగినవా?"

"ఇంకా చదువు మొదలే కాలే దాదీ!"

"జల్దీ అడుగు. నేనేం వెయ్యేండ్లు ఉంటనా?"

మళ్ల బా తీసుకున్నడు. గొంతు తగ్గించిండు.

"జ్యోత్స్నా."

"చెప్పు బా."

"ఆ దినం కట్ట ముడి నువ్వు చూసినవ్ గదా."

కాయిన్‌బాక్సు బీప్ బీప్ అంటున్నది. ఇంకో రూపాయి ఏసిన.

"చూసిన బా."

సంత లొల్లి నడుమ బా అన్నడు.

"వానలు మంచిగ పడ్డయ్. రేపు పత్తి గింజ పెడుతున్నం. ఈసారి కంది రెండు సాళ్లు ఏస్తున్న."